పంజరపు పక్షుల జలకం: ఫించ్‌లు, కానరీల స్నానపు అలవాట్లు

పక్షులను పెంచే ఇళ్ళలో గింజలను గురించి జరిగినంత చర్చ నీటిని గురించి జరగదు. కొర్రలు మంచివా, సామలు మంచివా అని నలుగురినీ అడిగి తెలుసుకొనేవారు సైతం పంజరంలో తాగేనీటి గిన్నె ఒకటి వ్రేలాడదీసి తమ బాధ్యత తీరినదని భావిస్తారు. కాని ఫించ్, కానరీ వంటి చిన్న పక్షులకు నీటితో రెండు వేర్వేరు పనులున్నవి. దాహం తీర్చుకొనడం ఒకటి. స్నానం చేయడం రెండవది. ఈ రెండవ పనిని గురించి తెలియకపోవడం వల్లనూ, తెలిసినట్లు భావించి చేయరాని విధంగా చేయడం వల్లనూ ఎన్నో పక్షులు బాధపడుతున్నవి. కావున విద్యార్థి మిత్రులు దీనిని కొంత శ్రద్ధగా పరిశీలించవలసి ఉన్నది.

మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే ఫించ్ ఆస్ట్రేలియా దేశపు జీబ్రా ఫించ్. తోకమీది నలుపు తెలుపు చారలను బట్టి దానికి ఆ పేరు వచ్చినది. బరువు సుమారు 12 గ్రాములు మాత్రమే. ఎండిన మైదానాలలో బ్రతుకుటకు అలవాటు పడిన ఈ పక్షి, అవసరమైతే ఎండు గింజలు మాత్రమే తింటూ నెలల తరబడి నీరు తాగకుండా జీవించగలదని ప్రయోగశాలలలో తేలినది. అంతటి ఓర్పుగల పక్షి కూడా లోతులేని నీరు కనిపించగానే అందులోకి దిగి జలకమాడుతుంది! దాహానికీ స్నానానికీ సంబంధం లేదనుటకు ఇంతకంటె నిదర్శనం వేరే అక్కరలేదు.

కానరీ స్వస్థలం అట్లాంటిక్ మహాసముద్రంలోని కానరీ దీవులు, అజోర్స్, మదీరా దీవులు. కానరీ దీవులను స్పెయిన్ వారు 15వ శతాబ్దంలో జయించిన పిదప ఈ పక్షి యూరప్ ఇళ్ళలో ప్రవేశించినది. దీవుల పేరు పక్షికి వచ్చినదే గాని పక్షి పేరు దీవులకు రాలేదు. ఆ దీవుల పేరుకు మూలం లాటిన్ భాషలో కుక్క అని అర్థమిచ్చే మాట అని చెబుతారు. ఇంత మధురంగా పాడే పక్షికి కుక్క పేరు దక్కడం విచిత్రమే!

ఇక స్నానం దేనికి అన్న ప్రశ్న. దీనికి సమాధానం ఈక నిర్మాణంలో ఉన్నది. ఈకకు నడుమ ఒక కాడ, దానికి ఇరువైపులా సన్నని పోగులు, ఆ పోగులకు మరింత సన్నని ఉపశాఖలు, వాటి కొనలలో కొక్కెములు ఉంటవి. ఈ కొక్కెములు ఒకదానితో ఒకటి పెనవేసుకొనుట చేతనే ఈక గాలిని ఆపగల పలుచని రేకు వలె నిలుస్తుంది. ధూళి, పాత నూనె, పొట్టు చేరినప్పుడు ఈ పెనవేత చెదురుతుంది. నీటితో తడిసిన ఈకను పక్షి తన ముక్కుతో సులభంగా సవరించుకొనగలదు. పిమ్మట తోక మొదట ఉండే తైలగ్రంథి నుండి కొద్దిపాటి నూనె తీసి ఈకలకు రాసుకొంటుంది. కావున స్నానం, ముక్కుతో సవరించుకొనడం, తైలం పూసుకొనడం ఒకే పనిలోని మూడు భాగాలు.

ఇది అలంకారానికి చేసే పని కాదని చూపే ప్రయోగం ఒకటి ఉన్నది. ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గోరింక కుటుంబానికి చెందిన స్టార్లింగ్ పక్షులను తీసుకొని, కొన్నింటికి స్నానపు నీరు ఇచ్చి, కొన్నింటికి ఇవ్వక, దారాలు వ్రేలాడగట్టిన మార్గంలో ఎగురనిచ్చారు. స్నానం లేని పక్షులు దారాలకు ఎక్కువగా తగులుకొన్నవని 2009లో ప్రకటించారు. స్నానం దొరకని పక్షులు ప్రమాదసూచకమైన కూతలు విన్నప్పుడు ఎక్కువ జంకును ప్రదర్శించినవని 2012లో ప్రకటించారు. స్టార్లింగ్ వేరు, ఫించ్ వేరు. ఒకదాని ఫలితాన్ని మరొకదానికి యథాతథంగా అన్వయించరాదు. అయినప్పటికీ ఈక నిర్మాణం అన్నింటికీ ఒకటే గనుక, స్నానం పక్షి ఎగిరే శక్తికీ దాని మనస్స్థైర్యానికీ సంబంధించినదని అనుకొనుటకు ఆధారం ఉన్నది.

పక్షి స్నానం చేసే తీరును ఓపికతో గమనించినవారికి అందులో ఒక క్రమం కనిపిస్తుంది. మొదట గిన్నె అంచున వాలి, అటునిటు చూచి, ముక్కును నీటిలో ముంచి తలను వేగంగా ఇరువైపులకూ విదిలిస్తుంది. ఇది లోతును, చల్లదనాన్ని పరీక్షించడమే కావచ్చును. భయం లేదని తోచిన తర్వాత నీటిలోకి దిగి, ఈకలను విప్పార్చి, రొమ్మును నీటికి ఆనించి కూర్చుంటుంది. తల ముంచి లేపినప్పుడు నీరు వీపుమీదుగా జారుతుంది. అదే సమయంలో రెక్కలు టపటప కొట్టుకొంటూ నీటిని మీదికి చిమ్ముకొంటుంది. కొన్ని క్షణాలకు బయటికి వచ్చి కొమ్మపై వాలి, ఒళ్ళు విదిలించి, మరల దిగుతుంది. ఇట్లు మూడు నాలుగు మారులు జరగవచ్చును. జీబ్రా ఫించ్‌లలో ఒకటి మొదలిడితే చాలు, తక్కినవి కూడా గిన్నె చుట్టూ మూగుతవి. కానరీలలో స్వభావభేదం ఎక్కువ. కొన్ని ప్రతి ఉదయమూ నీటికై ఎదురుచూస్తవి, కొన్ని చాలా దినాల వరకు గిన్నె దరికే రావు. అట్టి పక్షిని చూచి యజమాని తొందరపడవలసిన పని లేదు.

ఇక్కడనే పెంపకందారులు చేసే పెద్ద పొరపాటును చెప్పవలెను. స్నానం చేయని పక్షిని పట్టుకొని నీటిలో ముంచడం, కుళాయి క్రింద ఉంచడం, సబ్బు రాయడం కొన్ని ఇళ్ళలో జరుగుతున్నవి. పక్షి శరీరోష్ణం 40 డిగ్రీల సెంటీగ్రేడుకు పైన ఉంటుంది. శరీరం చిన్నదై, దానితో పోల్చగా చర్మవైశాల్యం ఎక్కువగా ఉండుట చేత, పూర్తిగా తడిసిన ఈ ప్రాణి తన వేడిని శీఘ్రంగా కోల్పోతుంది. తానై స్నానం చేసే పక్షి ఎంత తడవవలెనో, ఎప్పుడు మానవలెనో తానే నిర్ణయించుకొంటుంది. మన చేతిలో చిక్కిన పక్షికి ఆ అవకాశం లేదు. పైగా భయం ఒక్కటే దాని ప్రాణం తీయగలదు. సబ్బు ఈకలలోని సహజతైలాన్ని కడిగివేస్తుంది. వేడినీరు కూడా తగదు.

యజమాని చేయవలసినది స్వల్పమే. మట్టి మూకుడు గాని, పూలకుండీ క్రింద పెట్టే పళ్ళెం గాని తీసుకొని, రెండు సెంటీమీటర్లకు మించకుండా చల్లని శుభ్రమైన నీరు పోసి ఉంచి, దూరంగా వెళ్ళవలెను. మూకుడు గరుకుగా ఉండుట చేత కాలు జారదు. గాజు పళ్ళెమైనచో అడుగున నాలుగు గులకరాళ్ళు వేయవచ్చును. ఉదయం పూట ఇచ్చి, గంటలోగా తీసివేయడం మంచిది. ఎందుకనగా స్నానం చేసిన నీటిలోనే పక్షి రెట్ట వేస్తుంది, ఆ నీటినే తాగుతుంది కూడా. సాయంత్రం ఇచ్చినచో ఈకలు ఆరక ముందే చీకటి పడుతుంది. తడిసిన పక్షిని తిరిగే ఫ్యాను క్రిందను, కూలరు ఎదుటను ఉంచరాదు. మన ఏప్రిల్, మే నెలల ఎండలలో స్నానం పక్షికి చలువ కూడా చేస్తుంది. పక్షులకు చెమట పట్టదు, నోరు తెరచి రొప్పడం వాటికి గల ముఖ్య సాధనం. పళ్ళెం దరికి రాని కానరీకి కడిగి తడితో ఉన్న కొత్తిమీర కట్టను పంజరంలో ఉంచి చూడవచ్చును. కొన్ని పక్షులు ఆ తడి ఆకులకే ఒళ్ళు రాచుకొంటవి.

కానరీ సంవత్సరానికి ఒకమారు, పిల్లలను పెంచే ఋతువు ముగిసిన పిదప, ఈకలు రాల్చుతుంది. ఆ దినాలలో కొత్త ఈకలు గట్టి తొడుగులతో వస్తవి. నీరు ఆ తొడుగును మెత్తబరచి ఊడుటకు తోడ్పడుతుంది. కావున ఆ సమయంలో స్నానపు నీటిని మానరాదు. జబ్బుతో ఈకలు ఉబ్బించి ముడుచుకొని కూర్చున్న పక్షికి మాత్రం వెచ్చదనమే ముఖ్యం. జీబ్రా ఫించ్ పిల్లలు సుమారు మూడు వారాలకు గూడు విడుస్తవి. అప్పటికి వాటికి రెక్కలలో బలం చాలదు. లోతైన గిన్నెలో పడి మునిగిపోయే ప్రమాదం ఉన్నది. కొన్నాళ్ళు నీటిని మరింత తగ్గించవలెను.

స్నానం బయటపెట్టే రహస్యం మరొకటి ఉన్నది. మన దేశపు మునియాలను, అనగా తెలుగువారు జినువాయి అని పిలిచిన చిన్న పిట్టలను, పట్టి పచ్చరంగో పసుపురంగో పూసి విదేశీ పక్షులని అమ్మే మోసం సంతలలో జరిగినది. ఉర్దూలో లాల్ అని ముద్దుగా పిలిచే ఎర్ర మునియా ఒకప్పుడు అహమ్మదాబాదు నుండి విదేశాలకు ఎగుమతి అయ్యేది. దాని శాస్త్రీయనామంలోని అమందవ అనే మాట ఆ నగరం పేరు నుండి వచ్చినదే. రంగు పూసిన మునియా తొలి స్నానంలోనే నీటికి రంగు వదలుతుంది. అంతకంటె విచారకరమైన విషయం ఏమనగా, ఈకలను సవరించుకొనేటప్పుడు ఆ రంగును పక్షి మింగుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తర్వాతి నిషేధాలు మునియాలను పట్టుటను, అమ్ముటను, పంజరంలో పెంచుటను నేరంగా పరిగణిస్తున్నవి. జీబ్రా ఫించ్, కానరీలు పంజరాలలో తరతరాలుగా పుట్టి పెరిగినవి గనుక వాటి సంగతి వేరు. స్నానపు పళ్ళెంలో రంగు కనిపించినచో ఆ పక్షిని తొందరపడి కిటికీలోంచి వదలరాదు. రంగు పట్టిన రెక్కలతో అది ఎగరగలదో లేదో చెప్పలేము. అటవీశాఖ కార్యాలయానికి తెలియజేసి, వారు వచ్చే వరకు గింజలు, నీరు అందించుతూ నీడపట్టున ఉంచవలెను.