వారంటు కలదా, లేదా? – రైతు తెలిసికొను మార్గములు



పైరునకు తెగులు సోకినదో లేదో ఆకు త్రిప్పి చూచి తెలిసికొనుట మేము మీకు పలుమార్లు చూపియున్నాము. ఈ నెల పాఠము పొలమును గూర్చినది కాదు. పొలము విడిచి పరుగెత్తించు భయమును గూర్చినది.

ఒక ఏటి వరినాట్ల కాలమున మాకు పరిచితుడైన రైతొకడు నాలుగు దినములు చేనికి రాలేదు. “నీ పేర వారంటు వచ్చినదట” యని సంతలో నెవరో చెప్పగా విని, అతడు అత్తవారి యూరికి పోయి దాగెనని తెలిసినది. ఇచ్చట నారు ముదురుచుండెను. మేము అతని కుమారుని వెంటబెట్టుకొని కోర్టునకు పోయి విచారించితిమి. వారంటు నిజమే, కాని అది అదే పేరు గల పొరుగూరివానిది, తండ్రి పేరు వేరు. పావుగంటలో తెలియదగిన సంగతి తెలియక అతడు అదను పోగొట్టుకొనెను.

వారంటనగా నేమి?

ఒక మనుష్యుని పట్టి తన యెదుట హాజరుపరచుమని కోర్టు వ్రాతమూలముగా నిచ్చు ఆజ్ఞయే వారంటు. 2024 జూలై 1వ తేదీనుండి అమలునందున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 72వ సెక్షను ప్రకారము దానిపై న్యాయాధికారి సంతకమును, కోర్టు ముద్రయు నుండవలెను. అమలు జరుగువరకు, లేక ఇచ్చిన కోర్టు రద్దుచేయువరకు అది చెల్లుచునే యుండును. “ఏడాది గడచినది, మురిగిపోయియుండును” అనుకొనుట పొరపాటు.

వారంటులు రెండు విధములు. జామీనుపై విడువదగిన దానియందు ఎంత మొత్తమునకు, ఎందరు జామీనుదారులతో విడువవచ్చునో వ్రాసియుండును. అట్లు విడువరానిదానిని కోర్టువారు ఎన్.బి.డబ్ల్యు. అందురు.

ఎరువుల దుకాణమున కిచ్చిన చెక్కు చెల్లకపోవుట, గట్టు తగాదా, ఒకరికి జామీను నిలుచుట – రైతు కోర్టుకెక్కు కారణములు తరచుగా నివియే. సమను అందియు వాయిదాకు పోకుండుటచే వారంటు పుట్టును. ఫిర్యాదు కేసులలో ముందు సమను, తరువాత జామీను వారంటు, అప్పటికిని రానిచో ఎన్.బి. వారంటు అను వరుస తగినదని సుప్రీంకోర్టు 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసునందు చెప్పియున్నది. మొదటి సమను నాడే మేల్కొనినవానికి తరువాతి రెండింటితో పని యుండదు.

ఎచ్చట చూడవలెను?

ప్రతి వారంటును చేర్చి ప్రజలకు చూపు జాబితా యొక్కటి మనకు లేదు. కావున వారంటును గాక కేసును వెదకవలెను.

1. సెల్‌ఫోనునందు ‘ఈ-కోర్ట్స్’ సేవ కలదు, రుసుము లేదు. రాష్ట్రము, జిల్లా, కోర్టు ఆవరణము ఎన్నుకొని, కక్షిదారుని పేరు, సంవత్సరము నిచ్చి వెదకవచ్చును. పోలీసు ఠాణా పేరు, ఎఫ్.ఐ.ఆర్. సంఖ్య తెలిసినచో వానితోను వెదకవచ్చును. సి.ఎన్.ఆర్. అను 16 అక్షరాంకెల గుర్తు చేతనున్న మరియు సులువు. దానిని విడిగా వ్రాసి దాచుకొనుడు.

2. మన పేర్లను ఇంగ్లీషున నొక్కొక్క గుమాస్తా యొక్కొక్క తీరున వ్రాయును. ఒక తీరున దొరకనిచో మరియొక తీరున, ఇంటిపేరు ముందుంచియు, వెనుకనుంచియు చూడుడు.

3. కేసు దొరకిన పిమ్మట దాని దశను, తదుపరి వాయిదాను, గడచిన వాయిదాల వివరమును చదువుడు. వారంటు సంగతి తరచుగా అచ్చటనే కనబడును. పేరొక్కటి చూచి బెదరవలదు. ఠాణా, కేసు సంఖ్య, చిరునామా సరిపోల్చుడు.

4. ఫోను లేనివారు కోర్టు ఆవరణములోని ఈ-సేవా కేంద్రమున నడుగవచ్చును.

5. ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటలలో పోలీసు వెబ్‌సైటున నుంచవలెనని సుప్రీంకోర్టు 2016లో ఆజ్ఞాపించినది. మారుమూల తావులకు గడువు హెచ్చు. స్త్రీ బాలురపై లైంగిక నేరములవంటి కొన్ని కేసులు అందుండవు.

ఫోనున కనబడునది సమాచారము మాత్రమే. కోర్టు దస్త్రమే ప్రమాణము; దానిని వకీలుచే చూపించుకొనుడు. కొన్ని నేరములలో పోలీసువారు వారంటు లేకయే పట్టవచ్చుననియు మరువరాదు.

బాకీ డిక్రీ అమలున పుట్టు వారంటు వేరు. అది సివిలు కేసుల వైపున, అమలు దరఖాస్తు క్రింద నుండును. సొమ్ము డిక్రీకై స్త్రీని పట్టరాదని సివిలు ప్రొసీజరు కోడు 56వ సెక్షను చెప్పుచున్నది.

దొంగ వారంటు

కోర్టు ముద్రవంటి ముద్ర వేసిన కాగితమును ఫోనులో చూపి, “డిజిటల్ అరెస్టు చేసితిమి, సొమ్ము పంపుము” అను మోసగాండ్రు బయలుదేరిరి. అట్టి అరెస్టు మన చట్టమున లేదు. వారంటు అమలుచేయు నధికారి దాని సారాంశము చెప్పవలెను. అడిగినచో కాగితము చూపవలెను. ప్రయాణ కాలము గాక 24 గంటలలో కోర్టున హాజరుపరచవలెను. ఫోనుమీద సొమ్మడుగువాడు వీనిలో నేదియు చేయడు. మోసపోయినవారు వెంటనే 1930 సంఖ్యకు తెలుపవలెను.

వారంటు ఉన్నచో?

దాగవలదు. దాగిననాళ్లు లెక్కకు వచ్చునే గాని వారంటు తొలగదు. వకీలుతో గూడి ఆ కోర్టునకే పోయి, రాలేకపోయిన కారణమును, ఉన్నచో వైద్యుని చీటిని చూపి, రద్దునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. తనంతట వచ్చినవానికిని, పట్టి తేబడినవానికిని కోర్టు దృష్టిలో భేదము కలదు. వకీలు నుంచుకొనలేనివారు న్యాయ సేవా సంస్థ నాశ్రయింపవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు తెగలవారికి, తక్కువ ఆదాయము గలవారికి 1987వ సంవత్సరపు చట్టముచే ఉచిత సహాయము కలదు. దాని ఫోను సంఖ్య 15100.

భూమి కొనుటకు ముందు ఈ.సి. తీసి చూచు రైతునకు ఈ పని కష్టము కాదు. చదువనేర్చిన సభ్యులు దీనిని సంఘ సమావేశమున చదివి వినిపింపవలెనని కోరుచున్నాము. పైన చెప్పిన రైతు ఆ యేడు ముదురు నారే నాటెను, పంట తగ్గినది. అట్టి నష్టము మరి యెవరికిని కలుగకుండుగాక.