జుట్టు నాటించుకునే ముందు

కిందటి వేసవిలో ఒక తల్లి తన కొడుకును మా చర్మవ్యాధుల ఓపీకి తీసుకువచ్చారు. అబ్బాయికి 24 ఏళ్లు. ఉద్యోగంలో చేరి ఏడాది అయ్యింది. ఫోటో చూసి రెండు సంబంధాలు వెనక్కి వెళ్లాయట. "డాక్టరమ్మా, నా మెడలో గొలుసు తాకట్టు పెట్టయినా వీడికి జుట్టు నాటిద్దామనుకుంటున్నాం. సంక్రాంతికి పెళ్లిచూపులు పెట్టుకున్నాం. ఈలోగా వచ్చేస్తుందా?" అని ఆమె అడిగారు. అబ్బాయి టోపీ తీయకుండా తల వంచుకుని కూర్చున్నాడు.

జుట్టు ఊడటం ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కాదు. అంతమాత్రాన దాన్ని నవ్వి తీసిపారేయకూడదు. షుగరు మాత్రలు వారానికి రెండు రోజులు మరచిపోయేవారు కూడా తలకు రాసుకునే మందును ఒక్క పూటయినా మరువరని మా ఫార్మసీ సిస్టరు అంటూ ఉంటారు. మనసుకు తగిలే బాధ కాబట్టే ఇందులో తొందరపాటూ ఎక్కువ, మోసపోవడమూ ఎక్కువ. ఆపరేషను గురించి ఆలోచిస్తున్న కుటుంబాలు డబ్బు కట్టక ముందే తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

ముందు కారణం తెలియాలి

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. రోజుకు 50 నుండి 100 వరకు రాలడం సహజమే. ప్రతి వెంట్రుకా కొన్నేళ్లపాటు పెరిగి, తరువాత మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. దాని చోట కొత్తది మొలుస్తుంది.

టైఫాయిడ్, డెంగ్యూ, కోవిడ్ వంటి జ్వరాల తరువాత, కాన్పు తరువాత, ఆపరేషను తరువాత, తిండి బాగా తగ్గించి సన్నబడినప్పుడు రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. జ్వరం అప్పటికే మరచిపోయి ఉంటారు కాబట్టి నీళ్లనో షాంపూనో తప్పు పడతారు. ఇది చాలావరకు ఆరు నెలల్లో దానంతట అదే సర్దుకుంటుంది. ఆడవారిలో రక్తహీనత, ఇనుము లోపం, థైరాయిడ్ సమస్య ఉన్నాయేమో పరీక్ష చేయించాలి. అన్నట్టు, జుట్టుకని బయోటిన్ మాత్రలు మింగుతున్నవారు రక్తపరీక్షకు ముందు ఆ మాట చెప్పండి. దానివల్ల థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు.

రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోతే అది పేనుకొరుకుడు. పేరులో పేను ఉన్నా పేలకూ దీనికీ సంబంధం లేదు. మన శరీరంలోని రక్షణ వ్యవస్థే వెంట్రుక కుదుళ్లపై దాడి చేయడం వల్ల వస్తుంది. దీనికి నల్లజీడి రసం రుద్ది బొబ్బలతో వచ్చేవారిని ఇప్పటికీ చూస్తున్నాం. దయచేసి అలా చేయకండి. పిల్లల తలలో పొలుసులతో జుట్టు ఊడితే తామర కావచ్చు. దానికి మింగే మందు అవసరం.

పైన చెప్పిన వాటిలో దేనికీ జుట్టు నాటే ఆపరేషను మందు కాదు. ఆ ఆపరేషను ముఖ్యంగా వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకే.

బట్టతల ఎలా వస్తుంది?

మగవారి శరీరంలోని టెస్టోస్టిరాన్ ఒక ఎంజైము వల్ల డీహెచ్‌టీ అనే మరో హార్మోనుగా మారుతుంది. కొందరికి నుదుటి పైన, నడినెత్తిన ఉన్న కుదుళ్లు పుట్టుకతోనే ఈ డీహెచ్‌టీకి లొంగేవిగా ఉంటాయి. ఏటేటా అవి చిక్కిపోయి, వెంట్రుక సన్నబడి, చివరికి నూగులా మిగులుతుంది. తల వెనుక, చెవుల పైన ఉన్న కుదుళ్లు మాత్రం దీనికి లొంగవు. అందుకే పూర్తి బట్టతల ఉన్న తాతగారికి కూడా వెనుక భాగంలో జుట్టు వలయంలా నిలిచి ఉంటుంది. ఈ గుణం తండ్రి వైపు నుండీ రావచ్చు, తల్లి వైపు నుండీ రావచ్చు. "మీ మేనమామ పోలిక" అని తల్లి పుట్టింటివారిని మాత్రమే అనడం న్యాయం కాదు.

1974లో డొమినికన్ రిపబ్లిక్ దేశంలోని కొన్ని కుటుంబాల గురించి ఒక పరిశోధన వెలువడింది. వారిలో కొందరు మగవారికి పుట్టుకతోనే ఆ ఎంజైము లోపించింది. వారికి ప్రోస్టేటు చిన్నదిగానే ఉండిపోయింది, బట్టతల రాలేదు. ఆ ఎంజైమును అడ్డుకునే ఫినాస్టిరైడ్ మాత్ర తయారీకి ఈ పరిశీలన దారి చూపింది. 1992లో అమెరికాలో దీన్ని ప్రోస్టేటు వాపుకు 5 మిల్లీగ్రాముల మోతాదులో అనుమతించారు. 1997లో మగవారి బట్టతలకు 1 మిల్లీగ్రాము మోతాదులో అనుమతించారు.

మందులు ఏమి చేయగలవు?

ఫినాస్టిరైడ్ ప్రధానంగా ఉన్న జుట్టును కాపాడుతుంది. చాలామందిలో రాలడం తగ్గుతుంది, కొందరిలో కొంత తిరిగి వస్తుంది. కనీసం ఆరు నెలల నుండి ఏడాది వాడితేగాని ఫలితం తెలియదు. మానేస్తే ఏడాదిలోగా నిలిచిన జుట్టు మళ్లీ పోతుంది. కొద్దిమందిలో లైంగిక కోరిక తగ్గడం, అంగస్తంభన లోపం, వీర్యం తగ్గడం కనిపిస్తాయి. మందు ఆపితే చాలామందికి తగ్గిపోతాయి, కానీ ఆపిన తరువాత కూడా బాధ మిగిలిందని చెప్పినవారూ ఉన్నారు. మనసు కుంగడం గురించి కూడా జాగ్రత్త అవసరం. ఈ మాత్రలు వాడేవారిలో ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2025లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ నిర్ధారించింది. ఇంతకు ముందు డిప్రెషన్ వచ్చినవారు ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి. కొత్తగా పెళ్లయి సంతానం కోసం చూస్తున్నవారూ చెప్పాలి.

ఇంట్లో గర్భవతి ఉంటే ఆమె విరిగిన మాత్రను ముట్టుకోకూడదు. కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదల దెబ్బతినవచ్చు. ఈ కారణంగానే ఈ మాత్ర వాడేవారు రక్తదానం చేయకూడదు. ఆపిన తరువాత కనీసం నెల ఆగాలి. మన యువకులు రక్తదాన శిబిరంలో ఫారం నింపేటప్పుడు ఇది మందేనని గుర్తురాక వదిలేస్తుంటారు. యాభై దాటినవారు పీఎస్ఏ పరీక్షకు వెళితే ఈ మాత్ర సంగతి చెప్పాలి, ఎందుకంటే అది ఆ అంకెను సగానికి తగ్గించి చూపిస్తుంది.

మినాక్సిడిల్ తలకు రాసుకునే మందు. మొదట ఇది బీపీకి మింగే మాత్ర. అది వాడినవారికి ఒళ్లంతా వెంట్రుకలు పెరగడం చూసి తలకు రాసే ద్రావణం తయారు చేశారు. దాన్ని 1988లో అమెరికాలో అనుమతించారు. మగవారితోపాటు ఆడవారూ వాడవచ్చు, గర్భవతులు మాత్రం వాడరాదు. పొడి తలపై, కుదుళ్లకు తగిలేలా రాయాలి. మొదటి నెలా రెండు నెలల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. భయపడి సీసా పారేసేది అప్పుడే. పాత వెంట్రుకలు పోయి కొత్తవి రావడానికి జరిగే మార్పు అది. నాలుగైదు నెలలు ఆగండి. దురద, ముఖంపై నూగు రావచ్చు. గుండె దడ వస్తే ఆపి వైద్యుని కలవండి. ఇంట్లో పిల్లిని పెంచేవారు సీసాను, దిండు గలీబులను దానికి దూరంగా ఉంచండి. కొద్దిపాటి మందే పిల్లి ప్రాణం తీయగలదు.

ఆపరేషను కొత్త జుట్టును పుట్టించదు

చాలామంది అపోహపడేది ఇక్కడే. ఈ ఆపరేషనులో తల వెనుక ఉన్న కుదుళ్లను తీసి ముందు నాటుతారు, అంతే. నారుమడిలో ఉన్నంత నారే చేనుకు వస్తుంది. డీహెచ్‌టీకి లొంగని కుదురు చోటు మారినా తన గుణం మార్చుకోదని న్యూయార్కు చర్మవైద్యుడు నార్మన్ ఒరెంట్రైక్ 1950లలో చూపించాడు. నేటి పద్ధతులన్నీ దాని మీదే నిలిచాయి. వెనుక నుండి చర్మపు పట్టీ తీసి విడదీయడం ఒక పద్ధతి, కుదుళ్లను ఒక్కొక్కటిగా తీయడం మరొకటి. మొదటి దానిలో గీతలాంటి మచ్చ, రెండవ దానిలో చుక్కల్లాంటి మచ్చలు ఉంటాయి. మచ్చ లేని పద్ధతి లేదు.

ఒక గ్రాఫ్టులో ఒకటి నుండి నాలుగు వెంట్రుకలు ఉంటాయి. ధర గ్రాఫ్టు లెక్కన చెబుతున్నారా, వెంట్రుకల లెక్కన చెబుతున్నారా అని అడగండి. చాలామందికి జీవితం మొత్తం మీద తీయదగినవి ఐదారు వేల గ్రాఫ్టులకు మించవు. 24 ఏళ్లకే నుదుటి మీద దట్టంగా నాటి సగం ఖర్చు చేసేస్తే ఏమవుతుంది? నాటినవి నిలుస్తాయి. వాటి వెనుక ఉన్న సొంత జుట్టు ఊడుతూనే పోతుంది. నలభై ఏళ్లకు ముందు ఒక గట్టు, వెనుక ఒక ఖాళీ, చుట్టూ ఒక వలయం మిగులుతాయి. పూడ్చడానికి నారు ఉండదు. కాబట్టి ఆపరేషను చేయించుకున్నవారికి కూడా మందు అవసరం తీరదు. మందు వాడలేనివారు, వాడకూడదనుకునేవారు ఆపరేషనుకు ముందే ఈ లెక్క చూసుకోవాలి. ఆడవారిలో చాలామందికి తలంతా పలచబడుతుంది, వెనుక భాగం కూడా. అలాంటప్పుడు ఆపరేషను సాధారణంగా తగదు.

నాటిన వెంట్రుకలు కొన్ని వారాల్లో రాలిపోతాయి. కుదురు లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు మొలకలు కనిపిస్తాయి, పూర్తి ఫలితానికి ఏడాది పడుతుంది.

ఎవరి చేతిలో తల పెడుతున్నాం?

2016లో చెన్నైలో 22 ఏళ్ల వైద్య విద్యార్థి జుట్టు నాటించుకున్న రెండు రోజులకు మరణించాడు. 2025లో కాన్పూర్‌లో ఒక ఇంజనీరు మరణించగా పోలీసు కేసు నమోదైంది. ఇలాంటివి అరుదే. అయినా గంటల తరబడి సాగే ఈ పనిలో మత్తు మందు మోతాదు మించినా, ఎలర్జీ వచ్చినా, చీము పట్టినా ఆదుకునే వైద్యుడు, ఆక్సిజన్, అత్యవసర మందులు దగ్గర ఉండాలి. జాతీయ వైద్య కమిషన్ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలలో, వర్క్‌షాపులోనో యూట్యూబులోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కిందకు రాదని స్పష్టంగా చెప్పింది. మీతో మాట్లాడేది డాక్టరా, కౌన్సిలరు పేరిట కూర్చున్న అమ్మకపు ఉద్యోగా? కుదుళ్లు తీసేది ఎవరు, నాటేది ఎవరు? ఆ డాక్టరు రోజంతా గదిలో ఉంటారా? రాత్రి జ్వరం వస్తే ఎవరికి ఫోను చేయాలి? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట డబ్బు కట్టకండి. "ఈ రోజే కడితే సగం ధర" అన్నచోట అసలే వద్దు.

ఆ అబ్బాయి టోపీ తీసిన తరువాత చూశాం. నుదుటి రెండు పక్కలా వెనక్కి పోయింది, నడినెత్తిన అప్పుడే పలచబడుతోంది. తండ్రి ఫోటో చూపించమన్నాం. నడినెత్తి మొత్తం ఖాళీ. అతనిది ఎక్కడిదాకా పోతుందో ఇప్పుడే చెప్పలేమని, సంక్రాంతికి ఎలాగూ ఫలితం రాదని ఇద్దరికీ వివరించాం. రాసుకునే మందు మొదలుపెట్టాం. మాత్ర గురించి మంచీ చెడూ చెప్పి ఆలోచించుకోమన్నాం. రెండు వారాల తరువాత అతను ఒక్కడే వచ్చి, అమ్మ ముందు అడగలేని ప్రశ్నలన్నీ అడిగి, మాత్ర కూడా వేసుకుంటానన్నాడు. రెండేళ్ల తరువాత జుట్టు ఒకచోట నిలిచిందనిపిస్తే అప్పుడు ఆపరేషను మాట మాట్లాడదామనుకున్నాం. ఆ రోజు అతను జుట్టు బాగా పొట్టిగా కత్తిరించుకుని, టోపీ లేకుండా వచ్చాడు.

చర్మవ్యాధుల ఓపీకి వచ్చేటప్పుడు తలకు నూనె రాసుకోకుండా రండి. వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం, హోమియో సీసాలతో సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. మూడు నాలుగేళ్ల కిందటి ఫోటో ఒకటి కూడా ఉంటే మంచిది.