ధనుర్మాసము - విడిచినవి, తిరిగి వచ్చినవి

సూర్యుడు ధనూరాశిలో ప్రవేశించినది మొదలు మకర సంక్రమణము వరకు గల కాలము ధనుర్మాసము. ఇంగ్లీషు తేదీల ప్రకారము ఇది డిసెంబరు 16 ప్రాంతమున ప్రారంభమై, జనవరి 13, 14 తేదీలలో భోగి పండుగతో ముగియును. గోదాదేవి అనుగ్రహించిన తిరుప్పావైలోని 30 పాశురములను దినమున కొకటి చొప్పున శ్రీవైష్ణవ గృహములలో ఈ నెలయందు విశేషముగా అనుసంధింతురు. తిరుమలలో ఈ మాసమున సుప్రభాతమునకు బదులుగా తిరుప్పావై వినిపింతురు. రాత్రి ఏకాంతసేవ భోగశ్రీనివాసమూర్తికి బదులు శ్రీకృష్ణమూర్తికి జరుగును.

స్వామి సన్నిధిలోనే నిత్యక్రమము మారిన ఈ నెలలో భక్తుల దినచర్య మారుట సహజము. తెల్లవారుజామున లేచుట, స్నానము, ముంగిట ముగ్గు, గొబ్బెమ్మలు, దీపము, పాశుర పఠనము, పిదప వేడి పొంగలి ప్రసాదము. పిల్లలకు పాశురముకంటె ముందుగా పొంగలిలోని మిరియపు ఘాటు, నేతి వాసన జ్ఞాపకముండును. అందు దోషము లేదు. అయితే వ్రతమనగా సుఖములను విడుచుట గదా. ఈ చిన్న చిన్న ఆనందములకు వ్రతములో చోటెక్కడిది? ఈ సందేహమునకు తిరుప్పావైలోనే సమాధానము కలదు.

విడిచినవి

శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుల తులసీవనమున లభించి, వారి యింట పెరిగిన గోదాదేవి తన యూరినే వ్రేపల్లెగాను, వటపత్రశాయి కోవెలనే నందగోపుని గృహముగాను, తోడి బాలికలనే గోపికలుగాను భావించి ఈ వ్రతము నాచరించినదని పెద్దలు చెప్పుదురు. ఆ వ్రత నియమములు 2వ పాశురమున కలవు. వ్రతము పట్టినవారు నేయి తినరు, పాలు త్రాగరు. కంటికి కాటుక లేదు, కొప్పున పూవు లేదు. వేకువనే స్నానమాడుదురు. చేయరాని పనులు చేయరు, కొండెములు చెప్పరు. యోగ్యులకు సమర్పించుట, అర్థించినవారికి భిక్ష యిడుట శక్తికొలది చేయుదురు. ఇదంతయు ముఖము ముడుచుకొని కాక సంతోషముతో చేయవలెనని కూడ అక్కడనే చెప్పబడినది.

గొల్లపల్లెలో పాలకు, నేతికి కొరత లేదు. ఉన్నదానిని విడిచినారు గనుక అది నియమమైనది. మరి కూలి చేసుకొని బ్రదుకు ఇంట నేతిబొట్టే లేనప్పుడు ఆ ఇల్లాలు విడువవలసిన దేమి? వైద్యుని మాటపై పాలు త్రాగవలసిన వృద్ధుడు వ్రతమునకు అనర్హుడా? కాదు. ఆ పాశురములోనే ధనికుడు, దరిద్రుడు అను భేదము లేక అందరును విడువదగినది ఒకటి కలదు. అది కొండెము. నేయి లేని యిల్లుండవచ్చును గాని, పరుల దోషములు మాటలాడుకొనని యిల్లు అరుదు. నాలుకకు నేతికంటె అది ఎక్కువ రుచి. పూర్వము అది అరుగుపై పుట్టి వీధి చివర ఆగెడిది. నేడు సెల్‌ఫోనులో క్షణకాలమున ఊళ్లు దాటుచున్నది. నెల దినములు నేయి మానినవారు పెక్కుమంది కలరు. నెల దినములు ఆ మాట మానినవారే ఈ వ్రతము యొక్క కాఠిన్యమును ఎరుగుదురు.

ఒక్కరి నోము కాదు

6వ పాశురము మొదలు 15వ పాశురము వరకు పది పాశురములలో గోదాదేవి పదిమంది బాలికలను మేల్కొలుపుచున్నది. పక్షులు కూయుచున్నవి, పెరుగు చిలుకు సవ్వడి వినవచ్చుచున్నది, గేదెలు మంచు పచ్చికలో మేతకు పోవుచున్నవి, పెరటి కొలనులో తామరలు విచ్చుచున్నవి. ఇన్ని గురుతులు చెప్పి, ఒక్కొక్క వాకిట నిలిచి పిలుచుచున్నదే గాని, నిద్రించువారిని విడిచి ముందుకు సాగలేదు. పరమాత్మ సన్నిధికి ఒంటరిగా పోరాదనుట ఇందలి పాఠము.

ఈ పాఠము నేటి గృహములకు మిక్కిలి అవసరము. పెక్కు ఇండ్లలో ధనుర్మాసమనగా తల్లి యొక్కతె చీకటితో లేచి, వాకిలి కడిగి, పొంగలి వండి, దీపము వెలిగించి, పిమ్మట అందరిని లేపుట. తక్కినవారు స్నానము చేసి ప్రసాదము స్వీకరింతురు. ఆమెకు పాశురము చదువుటకు తీరిక యుండదు. అట్టి యింట వ్రతఫలము భుజించువారు నలుగురు, వ్రతము చేసినది ఒక్కతె. తండ్రి పూలు కోసి తెచ్చిన, కుమారుడు బియ్యము కడిగి నీళ్లు మోసిన, కుమార్తె పాశురమును పైకి చదివిన, తల్లియు వారితో కూర్చుండి వినగలుగును. అప్పుడే అది గోష్ఠి యగును.

ఇంటి గడప దాటియు ఈ భావము సాగవలెను. తలపై అక్షయపాత్ర నుంచుకొని, తంబుర మీటుచు, చిరుతలు వాయించుచు వచ్చు హరిదాసునకు బిడ్డల చేత దోసెడు బియ్యము వేయించుట తెలుగు పల్లెల ఆచారము. పాశురమున చెప్పిన దానధర్మమును బిడ్డలు తమ చేతులతోనే ఇట్లు నేర్చుకొందురు.

తిరిగి వచ్చినవి

ఇక 27వ పాశురము. 2వ పాశురమున వలదన్న పాలు ఇక్కడ పాలతో వండిన అన్నమై వచ్చినవి. వలదన్న నేయి ఆ అన్నమును కప్పి, మోచేతి వరకు కారుచున్నది. అలంకారము మానినవారికి గాజులు, దండకడియములు, కమ్మలు, చెవిపూలు, అందెలు, నూతన వస్త్రములు లభించుచున్నవి. అయితే ఆ పాశురము భోజనముతో ముగియలేదు. అందరును కలిసి కూర్చుండుట, హృదయము చల్లబడుట - ఈ రెండింటితో ముగిసినది.

కావున గోదాదేవి నేతిని దోషమని విడువలేదు. స్వామి లేక, తోడివారు లేక అనుభవించు రుచిని మాత్రమే విడిచినది. ఆమె చరిత్రయే ఇందుకు నిదర్శనము. స్వామికై కట్టిన మాలను ప్రేమతో తాను ముందు ధరించి చూచుకొన్న బాలిక ఆమె. ఆ మాలయే స్వామికి ప్రియమైనది. శ్రీకృష్ణదేవరాయలు తన తెలుగు కావ్యమునకు ఆముక్తమాల్యద అని పేరిడినది ఆ కథను బట్టియే. నేటికిని తిరుమల బ్రహ్మోత్సవములలో గరుడసేవకు శ్రీవిల్లిపుత్తూరు నుండి గోదాదేవి మాల వచ్చుచున్నది. అట్టి ఆమెయే వ్రతకాలమున కొప్పున పూవు ముడువననినది. స్వామిని తలచి ధరించిన పూవు నైవేద్యమైనది. స్వామి రాకముందు పూవు వలదన్న మాటయు ఆ ప్రేమ నుండియే పుట్టినది.

పంచుకొన్న రుచికి కాలపరిమితి లేదనుటకు మరియొక వృత్తాంతము కలదు. తిరుమాలిరుంజోలై స్వామికి నూరు పాత్రల వెన్నయు, నూరు పాత్రల అక్కారవడిశల్ అను పాయసాన్నమును సమర్పింతునని గోదాదేవి నాచ్చియార్ తిరుమొళిలో మ్రొక్కుకొన్నది. ఆ మ్రొక్కును తరువాతి కాలమున భగవద్రామానుజులు చెల్లించిరనియు, శ్రీవిల్లిపుత్తూరులో ఆమె వారిని అన్నా యని పిలిచినదనియు సంప్రదాయము. ఒకరి కోరికను మరియొకరు తమదిగా తలచి నెరవేర్చుటయే ఇందలి బాంధవ్యము. 27వ దినమున కూడారై పేరిట గృహములలో పాయసాన్నము వండి పంచునప్పుడు ఈ సంగతి బిడ్డలకు చెప్పదగినది.

భోగి మరునాడు

29వ పాశురమున గోదాదేవి, తాము వచ్చినది పఱ అను వాద్యము కొరకు కాదని స్పష్టము చేసినది. ఎన్ని జన్మలకైనను స్వామితో సంబంధము, స్వామికే సేవ, ఇతరములైన కోరికల తొలగింపు - ఇవి ఆమె అడిగినవి. నెల దినముల నోము నిత్యజీవితమునకు అభ్యాసమని దీనివలన తెలియుచున్నది.

భోగినాడు గోదాకల్యాణము ముగిసిన పిమ్మట ప్రతి కుటుంబమును కూర్చుండి మూడు విషయములు విచారించుకొనుట మేలు. ఈ నెలలో మానిన వానిలో మరల మొదలుపెట్టక పోయినను లోటు తోచనిది ఏది? ఇంటిలో ఒక్కరి భుజముపైనే పడిన పని ఏది? మనము రుచి చూచిన వానిలో ఇతరులకు చేరినది ఎంత? వీనికి సమాధానముగా ఒక్క అలవాటైనను సంక్రాంతి దాటి నిలిచినచో చాలును. వేకువ లేచుట సాగకపోవచ్చును. కొండెము మానుట సాగవచ్చును. నిత్యము పొంగలి కుదరకపోవచ్చును. అందరును కలిసి ఒక్కపూట భుజించుట కుదురును. ఆ ఒక్కపూట విస్తరిలో నేయి ఎంత యున్నను, స్వామికి నివేదించి పదిమందితో పంచుకొన్న అన్నము గోదాదేవి కోరిన అన్నమే యగును.