కెటిల్ గ్రిల్‌లో బొగ్గులు ఎలా పేర్చాలి? వంటను బట్టి సెట్టింగ్ ఇదీ!

మన సైట్‌లో గ్రిల్ గొడవేంటి అనుకుంటున్నారా? వైర్‌లెస్ మీట్ థర్మామీటర్ రివ్యూ కోసం 22 అంగుళాల కెటిల్ గ్రిల్ తెచ్చాను. మొదటిరోజే ఆరుగురు ఫ్రెండ్స్‌ని మేడ మీదికి పిలిచి, అడుగంతా నిప్పులు పరిచేసి చికెన్ లెగ్ పీసులు పెట్టేశా. కాసేపటికే పైన నల్లగా మాడింది, అయిపోయిందనుకున్నాను. వడ్డించబోయే ముందు, రివ్యూ కోసమే అనుకోండి, ప్రోబ్ గుచ్చితే యాప్‌లో 52 డిగ్రీలు! చికెన్ సేఫ్‌గా తినాలంటే లోపల 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. ప్రోబ్ లేకపోతే పచ్చి మాంసమే అందరికీ పెట్టేవాణ్ణి. తప్పు గ్రిల్‌ది కాదు, నేను బొగ్గులు వేసిన తీరుది.

గ్యాస్ స్టవ్‌కి ఉన్నట్టు దీనికి నాబ్ ఉండదు. బొగ్గులు ఎక్కడున్నాయి, గాలి ఎంత వెళ్తోంది, ఈ రెండే కంట్రోల్స్. 1952లో షికాగో దగ్గర జార్జ్ స్టీఫెన్ అనే ఆయన నీళ్లలో తేలే బోయాలు తయారుచేసే లోహపు గోళాన్ని రెండుగా చేసి ఈ డిజైన్ తెచ్చాడు. మూత, వెంట్లు.. బేసిక్ హార్డ్‌వేర్ ఇప్పటికీ అదే.

పనీర్, రొయ్యలు, మొక్కజొన్న పొత్తుల్లాంటివి త్వరగా ఉడుకుతాయి కాబట్టి నిప్పులు కిందే ఉంచొచ్చు. అప్పుడు కూడా ఒక పక్క కొంచెం ఖాళీ వదలండి. మంట లేస్తే ముక్కల్ని అటు జరపడానికి చోటుండాలి కదా.

లెగ్ పీసులకి మాత్రం టూ-జోన్ పద్ధతే కరెక్ట్. నిప్పులన్నీ ఒక సగంలోకి నెట్టి, రెండో సగం ఖాళీగా ఉంచాలి. ముక్కలు ఖాళీ వైపు పెట్టి మూత వేయండి. ఇక్కడ చాలామంది మిస్సయ్యేది ఒకటుంది: మూత మీది వెంట్ ముక్కల పైకి రావాలి, నిప్పుల పైకి కాదు. అప్పుడే వేడిగాలి బయటికి పోతూ ముక్కల మీదుగా వెళ్తుంది, గ్రిల్ ఓవెన్‌లా పనిచేస్తుంది. లోపల ఉడికాక చివర్లో రెండు నిమిషాలు నిప్పుల మీద కాల్చితే రంగు వస్తుంది. తర్వాతి వారం ఇలాగే చేశాను, 40 నిమిషాలకి ప్రోబ్ 78 చూపించింది.

కోడి మొత్తంగా కాల్చాలంటే నిప్పులు రెండు పక్కలా సమానంగా పెట్టి, మధ్యలో నీళ్లు పోసిన ట్రే ఉంచాలి. కొవ్వు అందులో పడుతుంది, మంట లేవదు.

మటన్ షోల్డర్ లాంటివాటికి స్నేక్ మెథడ్ ఉంది. బ్రికెట్లని అంచు వెంబడి రెండు వరసలుగా, పైన ఇంకో రెండు వరసలుగా అర్ధచంద్రాకారంలో పేర్చి, ఒక కొసలో మాత్రమే బాగా రాజుకున్న పది పెట్టాలి. నిప్పు మెల్లగా పాకుతూ గంటల తరబడి 110-130 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. ఇక్కడ పొదుపు పనికిరాదు. మనకి కిలోల్లెక్కన దొరికే కట్టెబొగ్గుతో ట్రై చేశా. ముక్కలు ఒక్కో సైజులో ఉండటంతో మధ్యలో ఖాళీ వచ్చి నిప్పు అక్కడే ఆరిపోయింది. ఒకే సైజు బ్రికెట్లే కావాలి.

ఏ పద్ధతైనా బొగ్గుల మీద బూడిద పొర వచ్చేదాకా, అంటే 15-20 నిమిషాలు, ఆగండి. కిరోసిన్ పోయొద్దు, వాసన ముక్కలకి పట్టేస్తుంది. వేడి తగ్గాలంటే కింది వెంట్ కొంచెం కొంచెంగా మూయండి, పై వెంట్ తెరిచే ఉంచండి. పనయ్యాక రెండూ మూసేస్తే నిప్పు ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు మళ్లీ వాడుకోవచ్చు. మూత మీది మీటర్ పైన గాలి వేడినే చెప్తుంది, ముక్క లోపలిది కాదు.

ఇది మాత్రం సీరియస్: అద్దాలు మూసిన బాల్కనీలో, గదిలో వెలిగించొద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు, వాసన ఉండవు, ప్రాణాలు తీస్తుంది. ఆరిపోతున్న గ్రిల్‌ని కూడా లోపలికి తేవద్దు.

ఇక స్టీల్ మూత కింద బ్లూటూత్ సిగ్నల్ ఎంత దూరం వచ్చింది, ప్రోబ్ బ్యాటరీ ఎలా ఉంది అనేది పూర్తి రివ్యూలో చూద్దాం.