వీర్యద్రవం: మేలా, కీడా?

మన కర్నూలు, కడప పల్లెల్లో ఎనుమును పశువుల ఆసుపత్రికి తోలుకొచ్చిన రైతు అడిగే మాట ఒకటుంది. "దున్నపోతు దాటితే అంత పోస్తాది. మీరు చూస్తే ఈ పుల్లంత గొట్టంలో ఒక చుక్క పెడ్తారు. సూడి యాడ కడ్తాది సారూ?" వినడానికి నవ్వు వస్తుంది గాని, ఇది చాలా మంచి ప్రశ్న అని నా అభిప్రాయం. ఆ "అంత"లో ఏముందో తెలిస్తేగాని జవాబు చెప్పలేం.

వీర్యమంటే కణాలు మాత్రమే కాదు. ఆబోతు వీర్యంలో ఎక్కువ భాగం ఆ కణాలు ఈదే ద్రవమే. అది ముఖ్యంగా శుక్రాశయ గ్రంథుల నుండి వస్తుంది. అందులోని చక్కెర ఫ్రక్టోజు అని 1946లో థాడియస్ మాన్ తెలియజేశాడు. కణం దానిని లాక్టిక్ ఆమ్లంగా మార్చుకుని, తోక ఆడించే శక్తిని పొందుతుంది. ఆ గ్రంథులు పనిచేయడానికి టెస్టోస్టిరోన్ కావాలి.

ఇక ప్రోస్టాగ్లాండిన్లు. 1930లలో వాన్ యూలర్ వీటికి ప్రోస్టేటు గ్రంథి పేరు పెట్టాడు గాని, అసలు పుట్టిల్లు శుక్రాశయ గ్రంథులే. పేరు మాత్రం అట్లాగే నిలిచిపోయింది! స్వీడనులో బెర్గ్‌స్ట్రామ్ వీటిని శుద్ధి చేసింది పొట్టేళ్ళ గ్రంథుల నుండే. 1982 నోబెల్ బహుమతిలో ఆయనకు భాగం దక్కింది. పొట్టేలు వీర్యంలో ఇవి సమృద్ధి, ఆబోతు వీర్యంలో బహు స్వల్పం. ఈ కుటుంబానికి చెందిన ఎఫ్2-ఆల్ఫానే నేడు పశువును ఎదకు తేవడానికి సూదిమందుగా ఇస్తున్నాం. చూడి పశువుకు పొరపాటున వేస్తే ఈసుకుపోతుంది. కాబట్టి ముందు చెయ్యి పెట్టి చూడనిదే సిరంజి ముట్టరాదు.

అన్నింటికన్నా నన్ను ఆకర్షించినవి ఆబోతు ద్రవంలోని ప్రోటీన్లు. వాటిలో ప్రధానమైనది పీడీసీ-109. ఇది కణపు పొరను అంటుకుని కొలెస్టరాలును, కొవ్వులను కొంత లాగివేస్తుంది. గర్భకోశంలో కణం అండాన్ని ఛేదించేందుకు సిద్ధం కావడానికి ఇది అవసరమే. సీసాలో గంటల తరబడి అదే పని జరిగితే మాత్రం పొర బలహీనపడి కణం చస్తుంది. కోడిగుడ్డు సొన కలిపితే అందులోని కొవ్వు ప్రోటీన్లు దీనిని పట్టి ఆపుతాయని మాంట్రియల్‌లో పనిచేసిన మంజునాథ్ బృందం చూపింది. ఇదే పీడీసీ-109 ఇతర ప్రోటీన్లు వేడికి ముద్ద కాకుండా కాపాడగలదని 2010లో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎం.జె. స్వామి బృందం తెలిపింది. ఒకే పదార్థం ఒకచోట రక్షకుడు, మరొకచోట భక్షకుడు!

ఇప్పుడు రైతు ప్రశ్నకు వద్దాం. ఆబోతు వీర్యం మిల్లీలీటరులో సుమారు 100 కోట్ల కణాలుంటాయి. 0.25 మి.లీ. స్ట్రాలో రెండు కోట్లు. అంటే అసలు ద్రవం ఇంచుమించు పన్నెండో వంతుకు పలచబడింది. అయినా చూడి కడుతున్నదంటే, ఆవుకూ ఎనుముకూ ద్రవం అంతా అక్కరలేదన్నమాట. పోతు యోనిలో విడిచిన కణాల్లో చాలా భాగం దారిలోనే పోతాయి. మనం గొట్టాన్ని గర్భాశయ ముఖం దాటించి విడుస్తాం. నంద్యాల ఘనీకృత వీర్య కేంద్రం వంటి చోట్ల నుండి −196 డిగ్రీల వద్ద వచ్చిన స్ట్రాను 37 డిగ్రీల నీళ్ళలో 30 సెకండ్లు కరిగించకుండా చేతుల మధ్య రుద్దితే తప్పు ద్రవానిది కాదు. వేసవిలో ఎనుము మూగ ఎదను గుర్తించకపోయినా అంతే. ఒక్క ఎద తప్పితే 21 రోజులు. మేత కొనలేని కరువు ఏట ఆ 21 రోజులు రైతుకు చాలా బరువు.

మేకల దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. ఆవుకు మేలు చేసిన గుడ్డు సొనే ఇక్కడ విషం. మేకపోతు కౌపర్ గ్రంథి నుండి వచ్చే ఒక ఎంజైము సొనను గడ్డకట్టిస్తుందని 1957లో ఎ. రాయ్ 'నేచర్' పత్రికలో ప్రకటించాడు. అది సొనలోని లెసిథిన్‌ను విరగగొట్టి, కణాలను చంపే లైసోలెసిథిన్‌ను తయారు చేస్తుంది. సొన బదులు పాలు వాడదామా అంటే, అదే గ్రంథిలోని మరో ప్రోటీను పాలకొవ్వును కూడా వదలదు. కనుక ఆవు పద్ధతిని మేకకు యథాతథంగా దించితే లాభం లేదు. మన సీమ మందల్లోని మంచి పోతు వీర్యాన్ని నాలుగూళ్ళకు పంచాలంటే, మొదట సెంట్రిఫ్యూజులో తిప్పి ద్రవం తీసివేయాలి, లేదా సొన పాలు బాగా తగ్గించాలి. కడిగేటప్పుడు కొన్ని కణాలు నష్టపోక తప్పదు. పైగా సెంట్రిఫ్యూజు తిరిగేంతసేపు ఊళ్ళో కరెంటు కూడా ఉండాలి.