పెద్దలకు అక్షరములు, లెక్కలు: ఒక పాఠము

మన భజన మండలులలో పుస్తకమందలి ప్రతి పుటను తప్పు లేకుండ పాడగల పెద్దలు అనేకులు గలరు. పుస్తకము ముందర తెఱచియుండును; కన్నులు పుటపైననే యుండును. అయినను ఆ పుట నడుమనున్న యొక మాటపై వ్రేలుంచి “ఇది యేమి?” అని యడిగినచో, వారు చరణము మొదటినుండి ఎత్తుకొని పాడుచు అచ్చటికి వత్తురు. ఒక అవ్వ నాతో, “అయ్యవారూ, నాకిది నోటికి వచ్చును గాని కంటికి రాదు” అని చెప్పెను. దేవాలయపు తరగతిలో గుణింతములు వల్లించిన నేనును చాలకాలము ఆ స్థితిలోనే యుంటిని. కావున వయోజనులకు చదువు చెప్పబూనినవారు మొదట తెలిసికొనవలసినది ఇదియే: వచ్చినది నోటి చదువా, కంటి చదువా?

పెద్దలకు “అ, ఆ” ల వరుసతో ప్రారంభించుట నాకు సమ్మతము గాదు. పిల్లవానికి ఓపిక గలదు. పగలంతయు పనిచేసి వచ్చిన వానికి ఆ రాత్రియే ఏదో యొకటి చేతికి చిక్కవలెను. వాని పేరుతోనో, వాని తాతగారి పేరుతోనో మొదలుపెట్టుట మేలు.

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో ఓడ దర్బను రేవు చేరినది మొదలు 1911 వఱకు నేటాలునకు 1,52,184 మంది ఒప్పందపు కూలీలు వచ్చిరి. ఓడల పట్టీలలో వారి సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, గ్రామము ఇంగ్లీషు గుమాస్తాల చెవికి తోచినట్లు వ్రాయబడినవి. “అప్పల్సామి” అని కనబడునది సింహాచలపు అప్పన్న పేర పెట్టిన అప్పలస్వామియే. ఈ యొక్క పేరులో అ, ప, ల, స, వ, మ అను ఆరు అక్షరములు గలవు. పకారపు ఒత్తు, వకారపు ఒత్తు గలవు. దీర్ఘము, గుడి గలవు. వ కు తోక చేర్చిన మ యగునని చూపినచో మఱచిపోరు. మఱునాడు “విశాఖపట్టణము” వ్రాయింపవచ్చును.

ఒకసారి నేను ఆ అవ్వ పలకమీది తప్పులను ఎఱ్ఱ సుద్దతో కొట్టివేసితిని. ఆమె రెండు వారములు తరగతికి రాలేదు. తప్పు నాదే. అప్పటినుండి సరియైన దానిని ప్రక్కన వ్రాసి ఊరకుందును.

ఇక లెక్కలు. పెద్దలకు లెక్క రాదనుట పొరపాటు. అంగడిలో కూరగాయలమ్ము తల్లి చిల్లర లెక్కలో మోసపోదు. ఆమెకు కొత్తది కాగితము మాత్రమే. కావున మన పూర్వుల జీతమునే పాఠముగా తీసికొందును. ఐదేండ్ల ఒప్పందములో మొదటి సంవత్సరము నెలకు పది షిల్లింగులు, పిమ్మట ఏటేట ఒక్కొక్క షిల్లింగు హెచ్చు; ఐదవ యేట పదునాలుగు. బియ్యము, పప్పు మొదలగు బత్తెము వేరు. ఐదేండ్లకు మొత్తమెంత?

పది, పదునాలుగు కలిపిన ఇరువదినాలుగు; పదునొకండు, పదుమూడు కలిపినను ఇరువదినాలుగే; నడుమ పండ్రెండు. కూడిన 60. దానిని పండ్రెండు నెలలచే గుణించిన 720 షిల్లింగులు. ఇరువది షిల్లింగులొక పౌను గనుక 36 పౌనులు. ఒక్క రోజు నాగా లేక ఐదేండ్లు చెఱకు తోటలో వంగినందులకు వచ్చు ధనమిది. ఈ సంఖ్య పలకపై పడినప్పుడు తరగతిలో ఎవ్వరును మాటలాడరు.

పిమ్మట మూడు పౌనుల పన్ను. ఒప్పందము ముగిసియు స్వదేశమునకు మరలక, తిరిగి ఒప్పందములో చేరక నిలిచినవారు ఏటేట దీనిని చెల్లింపవలెనని 1895లో చట్టము చేసిరి. 1903లో పదునాఱేండ్లు నిండిన కుమారులకును, పదుమూడేండ్లు నిండిన కుమార్తెలకును విస్తరింపజేసిరి. 1913 నాటి సత్యాగ్రహమునకు తరువాత, 1914లో అది రద్దయ్యెను. మూడు పౌనులనగా 60 షిల్లింగులు. పదునాలుగు నాలుగుల ఏబదియాఱు. అనగా నాలుగు నెలల జీతము పోయినను ఇంకను నాలుగు షిల్లింగులు బాకీ. ఈ లెక్క వేసికొనగలవారు ఆనాడు ఎందరుండిరో!

నేటి కాగితములలోను ఇట్టి చిక్కులే గలవు. “నూటికి నెలకు ఐదు” అను వడ్డీ చిన్నదిగా తోచును. నెలలచే గుణించి చూచిన ఏడాదికి నూటికి అరువది. సంతకము చేయకముందే కాగితపు వెనుక 5 × 12 అని వ్రాసికొనుట నేర్పవలెను. 1996 నాటి మన దక్షిణాఫ్రికా రాజ్యాంగము వయోజనుల ప్రాథమిక విద్యను హక్కుగా పేర్కొనినది. దేవాలయపు వెనుక గదిలో రెండు బల్లలు వేసికొనుటకు సంకోచమెందుకు?

తరువాతి తరగతికి అభ్యాసము: భర్త, భార్య, పదునేడేండ్ల కుమారుడు, పదునాలుగేండ్ల కుమార్తె గల కుటుంబము ఏటికి చెల్లించిన పన్ను ఎన్ని షిల్లింగులు? నెలకు పదునాలుగు షిల్లింగులు సంపాదించు ఆ భర్త ఏడాది జీతమెంత? రెండును ప్రక్కప్రక్కన వ్రాసి, ఏది పెద్దదో దాని క్రింద గీత గీయవలెను.