పాఠకులకు వాట్సాప్ గ్రూప్ పెట్టనా?

మేడమ్, నేను కథలు రాస్తాను. రెండేళ్లుగా ప్రతి శనివారం మెయిల్‌లో ఉత్తరంలాంటి న్యూస్‌లెటర్ పంపుతున్నాను. చదివేవాళ్లు 700 దాకా ఉన్నారు. వరంగల్, విజయవాడ వాళ్లతో పాటు దుబాయ్, డల్లాస్ వాళ్లూ ఉన్నారు. "అందరం ఒకచోట మాట్లాడుకుంటే బాగుంటుంది, గ్రూప్ పెట్టండి" అని తరచూ అడుగుతున్నారు. కొందరు నంబర్లు కూడా పంపేశారు. నాకూ ఆశగానే ఉంది. రాసి పంపాక ఎవరూ ఏమీ అనకపోతే మనసు ఊరుకోదు. కానీ మా కాలేజీ బ్యాచ్ గ్రూప్ చూస్తే భయం. పొద్దున పూల బొమ్మలు, సాయంత్రానికి పార్టీల గొడవ. ఆ మధ్య మా ఊరి బావి పూడ్చేసిన సంగతి రాస్తే, ఒకావిడ రాత్రి కూర్చుని చాలా పెద్ద మెయిల్ రాశారు. వాళ్ల ఊరి బావి గట్టు మీదే అత్తగారు తనతో మొదటిసారి మనసు విప్పి మాట్లాడారట. గ్రూప్ పెడితే అలాంటివి ఇక రావేమోనని దిగులు. పెట్టమంటారా, వద్దంటారా?

– ఒక రచయిత్రి, హనుమకొండ

పెట్టండి. కానీ 700 మందినీ చేర్చకండి, ఇరవై నాలుగ్గంటలూ తెరిచి ఉంచకండి.

ముందు ఆ బావి మెయిల్ సంగతి. ఆవిడ అది మీ ఒక్కరికే రాశారు. అదే కథ గ్రూప్‌లో పెట్టి ఉంటే రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకునేవారు. దాని కింద మరిన్ని జతల చేతులు చేరేవి. మీ దిగులులో నిజం ఉంది. నలుగురిలో నోరు విప్పలేనివాళ్లే చాలాసార్లు మంచి ఉత్తరాలు రాస్తారు. కాబట్టి గ్రూప్ పెట్టినా మెయిళ్లకు జవాబు రాసే అలవాటు మానకండి. "నాకొక్కదానికే చెప్పాలనుకుంటే ఈ మెయిల్‌కే జవాబివ్వండి" అని ప్రతి ఉత్తరం చివరా రాయండి.

ఇక నంబర్లు. మెయిల్‌లో ఒకరి సంగతి ఒకరికి తెలియదు. వాట్సాప్ గ్రూప్‌లో చేరిన ప్రతి ఒక్కరి నంబరూ మిగతా అందరికీ తెలిసిపోతుంది. రాత్రి పదకొండింటికి ఒక పాఠకురాలికి ముక్కూమొహం తెలియని మనిషి నుంచి "హాయ్ అండీ" అని వస్తే, ఆమె గ్రూప్‌తో పాటు మీ కథలూ మానేస్తుంది. నంబర్లు మీకు పంపారు కదా అని మీ అంతట మీరు ఎవరినీ చేర్చకండి. ఉత్తరంలో లింక్ ఇవ్వండి, నంబరు అందరికీ కనబడుతుందని దాని పక్కనే రాయండి. ఇష్టమైనవాళ్లు వస్తారు. వాట్సాప్ ఛానెల్ పెడితే నంబర్ల బెడద ఉండదు గానీ అక్కడ మాట మీది మాత్రమే, వాళ్లకు మిగిలేది ఎక్కువగా ఎమోజీలే. టెలిగ్రామ్‌లో నంబరు కనబడకుండా దాచుకోవచ్చు. సబ్‌స్టాక్ లాంటి చోట్ల 2022 నుంచి చందాదారుల కోసం చాట్ కూడా ఉంది. మీ చదువరుల్లో పెద్దవాళ్లు ఎక్కువైతే కొత్త యాప్ ఎక్కించుకోమనడం కష్టం. అప్పుడు వాట్సాపే మేలు, పైన చెప్పిన జాగ్రత్తతో.

వాట్సాప్‌లో 1024 మంది దాకా పడతారు. మీకు ముప్పై, నలభై మంది చాలు. అడ్మిన్లు మాత్రమే రాయగలిగే సెట్టింగ్ ఒకటుంది, వారమంతా అదే పెట్టి ఉంచండి. ఆదివారం సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా తెరవండి. దుబాయ్‌లో అప్పటికి అయిదున్నర, డల్లాస్‌లో పొద్దుటి కాఫీ వేళ. శనివారం వెళ్లిన కథ మీద ఒక్క ప్రశ్న వేయండి. "ఎలా ఉంది?" అని మాత్రం అడక్కండి. "మీ ఊరి బావి ఇప్పుడేమైంది?" అనండి, చెప్పుకోవడానికి ఎవరి దగ్గరైనా ఒక మాట ఉంటుంది. కులం, పార్టీలు, సినిమా హీరోలు, ఫార్వర్డ్‌లు వద్దని మొదటి రోజే రాసి పెట్టండి. ఎన్నికలప్పుడు మళ్లీ గుర్తు చేయండి. మీకు తోడు అడ్మిన్‌గా నెమ్మదస్తురాలైన ఒక పాఠకురాలిని పెట్టుకోండి. ఇతరుల మెసేజ్ కూడా అడ్మిన్ తీసేయొచ్చు, మొహమాటపడకండి. ఎవరో పెట్టిన మెసేజ్‌కు, అడ్మిన్ అనే ఒక్క కారణంతో ఎవరిపైనా నేరం మోపలేమని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. కేసుల భయం ఉంటే కొంత తగ్గించుకోండి. అయితే చూసి కూడా చూడనట్టు ఊరుకుంటే నొచ్చుకునేది మీ పాఠకులే.

మీరు సగమే పైకి అన్న మాట ఒకటుంది. రాసి పంపాక ఎవరూ ఏమీ అనకపోతే ఉండే వెలితి గ్రూప్‌తో తీరుతుందనుకుంటున్నారు. మీరు అక్కడే ఉన్నారు కాబట్టి అందరూ "అద్భుతం మేడమ్" అంటారు. ఆ మాటలకు అలవాటు పడితే తర్వాతి కథ ఆ ముప్పై మంది కోసమే రాస్తారు. ఎవరో ఒకరు "ముగింపు నచ్చలేదండీ" అంటారు, మిగతావాళ్లు ఆ మనిషి మీద పడతారు. ఆ పూట మీరు ఆ మనిషి పక్కన నిలబడాలి, ఎందుకు నచ్చలేదో నిదానంగా అడగాలి. అది చేయగలననుకుంటేనే లింక్ పంపండి.

మూడు నెలలు నడిపి చూడండి. ఎప్పుడూ నలుగురైదుగురే మాట్లాడుతూ మిగతావాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే, గ్రూప్ ఆపేస్తున్నానని ఉత్తరంలో రెండు వాక్యాలు రాసి మూసేయండి. కథ మాత్రం శనివారం ఎప్పట్లాగే వెళ్లాలి.